కొత్త ఇంజన్‌తో మాట్లాడకూడదు

షెడ్డులో అందరూ అతన్ని నత్త అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది మేస్త్రి. "ఇంత వేగంగా పోయే కార్లని ఇంత మెల్లగా నడిపే మొనగాడు భూమ్మీద ఇంకొకడు లేడురా" అని ఓసారి టీ తాగుతూ అన్నాడు. అంతే, ఆ మాట అతుక్కుపోయింది. కార్లు కొనేవాళ్ళు కూడా "మీ నత్త ఖాళీగా ఉన్నాడా?" అని అడగడం మొదలుపెట్టారు.

అతని పనేమిటో వింటే ఎవరికైనా కుళ్ళు పుడుతుంది. డబ్బున్నవాళ్ళు రేసు కార్లలాంటివి కొంటారు. కొత్త ఇంజన్‌ని మొదట్లోనే ఉరికించకూడదు. కొత్త చెప్పులు కాలికి అలవాటు పడేదాకా కరిచినట్టే, ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి సర్దుకునేదాకా రాసుకుంటాయి. అందుకని కొన్ని వారాలపాటు మీటరు ముల్లు ఒక గీత దాటకుండా నడపాలి. అలాగని ఒకే వేగంతోనూ పోకూడదు. కాస్త పెంచాలి, తగ్గించాలి, మళ్ళీ పెంచాలి. కొన్నవాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది? ఆ ఓపిక పట్టడమే నత్త ఉద్యోగం.

కుళ్ళుకునేవాళ్ళు ఒక్కరోజు ఆ సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. కాలు కింద సింహమంత బలం ఉంటుంది, దాన్ని పిల్లిలా నడపాలి. గుడ్ల బండి దాటిపోతుంది. స్కూలు బస్సు దాటిపోతుంది, వెనక అద్దంలోంచి పిల్లలు నాలుక చాపి వెక్కిరిస్తారు. ముసలాయన ఒకడు మోపెడ్ మీద పక్కకొచ్చి, జాలిగా చూసి, "చెడిపోయిందా నాయనా?" అని అడిగి మరీ పోతాడు. ఇంటికెళ్ళేసరికి నత్తకి పళ్ళు కొరికి కొరికి దవడలు నొప్పెట్టేవి.

పైగా మేస్త్రి ఎవర్నీ నమ్మేరకం కాదు. కొత్త కారు బయటికి తీసేముందు యాక్సిలరేటర్ కింద ఒక చెక్కముక్క పెట్టి బోల్టు బిగించేవాడు. ఎంత తొక్కినా కాలు సగంలోనే ఆగిపోతుంది. "నీ మీద నమ్మకముందిరా, నీ కాలి మీదే లేదు" అనేవాడు. ఆ బోల్టు తీసే పానా మేస్త్రి మొలకి వేలాడుతూ ఉండేది.

ఇదిగాక ఇంకో నియమం కూడా పెట్టాడు. కొత్త ఇంజన్‌తో మాట్లాడకూడదు. దాని ముందు ఫోను కూడా ఎత్తకూడదు. మాట్లాడాలంటే బండి పక్కన ఆపి, దిగి, తలుపు మూసి మాట్లాడుకోవాలి. ఎందుకయ్యా అంటే, వెనకటికి ఒక డ్రైవరు విసిగిపోయి "ఇక చాలు, ఆగిపోవే" అన్నాడట. ఆ కారు కొన్నాయన చేతికెళ్ళాక నడిరోడ్డు మీద దానంతటది ఆగిపోయేదట. ఇంజన్ విప్పి చూశారు, వైర్లన్నీ మార్చారు, ఏమీ దొరకలేదు. "పసిది, ఏం చెబితే అది నేర్చుకుంటుంది" అని మేస్త్రి మామూలుగానే చెప్పేవాడు, నవ్వకుండా.

నత్త దీన్ని నమ్మలేదు. ముసలాడి చాదస్తం అనుకున్నాడు. కాకపోతే మేస్త్రితో గొడవెందుకని నోరు మూసుకుని నడపడం అలవాటు చేసుకున్నాడు.

ఆ రోజు పొద్దున్న అతను బూట్లు వేసుకుంటుంటే భార్య గుమ్మంలో నిలబడింది. నిండు గర్భిణి. నడుం మీద చెయ్యేసుకుని, నిలబడటానికే ఆయాసపడుతోంది.

"ఇవాళ్టికి సెలవు పెట్టరాదూ?" అంది.

"ఇంకా వారం ఉందని డాక్టరమ్మ చెప్పిందిగా."

"పోయినసారీ అలాగే చెప్పింది."

అతను లేసు కట్టడం ఆపేశాడు. పోయినసారి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పుడూ అతను ఇలాగే ఓ కొత్త కారులో నింపాదిగా తిరుగుతున్నాడు. ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. బిడ్డ దక్కలేదు. తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. మొహం కూడా చూడలేదు.

"ఈసారి పుట్టగానే ముందు నువ్వే ఎత్తుకోవాలి. నీ చేతుల్లో చూస్తేగానీ నాకు నమ్మకం కుదరదు" అంది ఆమె. అతను లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఫోను మోగిన మరుక్షణం బయల్దేరతానని మాటిచ్చాడు. మనస్ఫూర్తిగానే ఇచ్చాడు పాపం.

ఆ రోజు కారు నేరేడుపండు రంగుది. రెండే సీట్లు. ఇంజన్ సీట్ల వెనకాలే ఉంటుంది, వీపుకి ఆనుకున్నట్టే. ఇంకా నంబరు రాలేదు, షెడ్డువాళ్ళ తాత్కాలిక పలక తగిలించారు. లోపల కొత్త తోలు వాసన, జిగురు వాసన. వేడెక్కేకొద్దీ పైపుల మీది పూత కాలి కమురు వాసన కూడా వచ్చేది. కొత్త బండన్నాక అదంతా మామూలే.

మధ్యాహ్నం దాటాక ఊరు విడిచి కొండదారి ఎక్కాడు. ఎత్తుపల్లాలుంటాయి గనక ఇంజన్ అలవాటుకి మంచి దారి. ముల్లు లేస్తోంది, గీత దగ్గర ఆగుతోంది, దిగుతోంది. వెనకనుంచి ఇంజన్ చప్పుడు ఊపిరిలా పెరిగి తగ్గుతోంది. కొండ అవతలికి చేరేసరికి మబ్బులు కమ్ముకున్నాయి, సాయంత్రం కాకముందే చీకటి పడ్డట్టయింది. వాన మొదలైంది.

అప్పుడు ఫోను మోగింది. అత్తగారు.

అలవాటు ప్రకారం కారు పక్కన ఆపి, ఇంజన్ కట్టేసి, దిగి, తలుపు వేశాడు. చొక్కా క్షణంలో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"బాబూ, నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికి తీసుకొచ్చేశాం. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. అది నీ పేరే కలవరిస్తోంది. ఎక్కడున్నావు?"

"కొండ అవతల ఉన్నాను అత్తయ్యా. వచ్చేస్తున్నా."

"త్వరగా రా నాయనా. లోపలికి తీసుకెళ్తున్నారు." ఫోను పెట్టేసింది.

వచ్చిన వేగంతోనే పోతే చీకటి పడేదాకా పడుతుంది. అదే ఈ కారుని దాని బలంకొద్దీ వదిలితే కళ్ళు మూసి తెరిచేలోగా ఊళ్ళో ఉంటాడు. ఎంత వేగంగా పోగలదో కొన్నాయనకన్నా అతనికే బాగా తెలుసు. అందుకే ఒళ్ళు మండిపోయింది.

మేస్త్రికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆ మనిషి ఏ బండి కింద దూరాడో, ఎత్తలేదు. రోడ్డు మీద ఇంకో వాహనమైనా లేదు. రోజూ వెక్కిరిస్తూ దాటిపోయే గుడ్ల బండి ఇవాళ కనబడితే కాళ్ళు పట్టుకునేవాడే.

సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల కిందికి పెట్టి, ఆ చెక్కముక్క పట్టుకుని లాగాడు. కదల్లేదు. బోల్టు చేత్తో తిప్పబోయాడు. ఇంటి తాళంచెవి మొన పెట్టి తిప్పాడు. తాళంచెవి వంగింది గానీ బోల్టు తిరగలేదు. కాలితో తన్నాడు. మళ్ళీ చేత్తో లాగాడు. కుడిచేతి చూపుడువేలి గోరు సగానికి లేచిపోయింది. నొప్పికి ప్రాణం గిలగిల్లాడింది. జేబులోంచి తెల్ల రుమాలు తీసి వేలికి చుట్టుకుని సీట్లో కూలబడ్డాడు.

వాన కారు కప్పు మీద దరువేస్తోంది. అరికాలి మంట నెత్తికెక్కింది. స్టీరింగ్ మీద రెండు చేతులతో ఒక్క గుద్దు గుద్దాడు.

"ఏం లాభమే నీ బలం? తగలెయ్యనా? నా పెళ్ళాం అక్కడ చావుబతుకుల్లో ఉంది. నా బిడ్డని ముందు నేను ఎత్తుకోవాలి. నేను ఎలాగూ రాలేను, నువ్వైనా పోవే. పోయి ఎత్తుకో."

అన్నాక గానీ అన్నానని తెలియలేదు.

అప్పటిదాకా వెనక చల్లారుతున్న ఇంజన్ టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. వాన చప్పుడు కూడా దూరంగా జరిగినట్టయింది. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు అనిపించింది.

నత్త వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఏముంటుంది, సీట్లే లేవు. ఇంత పిరికితనమేమిటని తనను తానే తిట్టుకుని బండి తీశాడు. అదే చెక్కముక్క. అదే సగం. కొండ మలుపుల్లో ఆ సగం కూడా తొక్కడానికి లేదు. దేవుడా, దేవుడా అనుకుంటూ నడిపాడు.

రెండో మలుపు తిరిగాక అద్దంలో రెండు లైట్లు కనబడ్డాయి.

ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా సరే, ఆపి ఎక్కాలి. ఈ కారు ఎటు పోతే అటు పోనీ. కిటికీ దించి చెయ్యి ఊపాడు. లైట్లు దగ్గరయ్యాయి. మరీ దగ్గరగా వచ్చి, వెనకే, అతని వేగానికి తగ్గి వెంటపడ్డాయి. దాటదు. ఆగదు. అతను పెంచితే పెంచుతుంది. తగ్గిస్తే తగ్గిస్తుంది.

వానలో దాని రంగు తెలిసింది. నేరేడుపండు రంగు.

ఈ రంగుది షెడ్డుకొచ్చింది ఒక్కటే. ఊరు మొత్తానికి ఒక్కటే. తెప్పించిన రోజు మేస్త్రి పదిమందికి చెప్పుకున్నాడు కూడా.

నత్త "ఎవరు నువ్వు..." అని గొణిగాడు.

వెనక కారు పక్కకి జరిగింది. మెల్లగా ముందుకొచ్చింది. రెండు కార్లూ పక్కపక్కనే, కిటికీకి కిటికీ... అవతలి అద్దం నిండా ఆవిరి. లోపల ఎవరో ఉన్నారు. కుడి భుజం కాస్త కిందికి వాల్చి కూర్చున్నారు. నత్త కూడా అలాగే కూర్చుంటాడు. అలా కూర్చోకురా, నడుం పట్టేస్తుంది అని మేస్త్రి రోజూ తిట్టేవాడు.

లోపల్నుంచి ఒక చెయ్యి లేచింది. అద్దం మీద ఆవిరి తుడవబోయింది.

ఆ చేతి చూపుడువేలికి తెల్ల రుమాలు చుట్టి ఉంది.

నత్త కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రోడ్డు మీద ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయాడు. చెవుల్లో ఇంజన్ చప్పుడు... ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఒక్కసారి కూడా వినని చప్పుడు. గీత దాటిన చప్పుడు. పెరిగింది. ఇంకా పెరిగింది. ఎక్కడా ఆగలేదు.

కళ్ళు తెరిచేసరికి ముందు వాన తప్ప ఏమీ లేదు. కారు రోడ్డంచుకి వచ్చేసింది. గబుక్కున తిప్పాడు. లోపల తోలు వాసన లేదు, జిగురు వాసన లేదు. ఏసీ గొట్టాల్లోంచి స్పిరిట్ వాసన, ఫినాయిల్ వాసన వస్తున్నాయి. ఆస్పత్రి వాసన.

"వద్దు" అన్నాడు నత్త. "వద్దు, వెనక్కి రా. నేను వెళ్తాను. నేనే వెళ్తాను." ఎన్నిసార్లు అన్నాడో. ఇంజన్ వెనకాల బుద్ధిగా, ఏమీ ఎరగనట్టు, పెరిగి తగ్గుతూ నడిచింది.

ఆ దారి ఎలా దిగాడో అతనికే తెలియదు. చెక్కముక్కకి తగిలేదాకా తొక్కి తొక్కి పిక్క పట్టేసింది. ఊళ్ళోకి వచ్చాక ప్రతి సిగ్నలూ ఎర్రగానే పడింది. ఒక చోట ముందున్న ఆటోవాడు దిగి టైరు చూసుకుంటూ నిలబడ్డాడు. హారన్ కొడితే "అంత తొందరైతే ఎగిరి పో" అన్నాడు తాపీగా. నత్తకి ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాడు, మీసాల మీదికి కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా.

ఆస్పత్రి ముందు కారు అడ్డంగా పడేసి మెట్లెక్కాడు. పై అంతస్తు వరండాలో బల్ల మీద అత్తగారు కూర్చుని ఉంది. ఒళ్ళో ఫ్లాస్కు. మొహం ప్రశాంతంగా ఉంది. అది చూడగానే అతని గుండె కుదుటపడింది. తడిబూట్ల చప్పుడుకి ఆమె తలెత్తింది.

"దానికెలా ఉంది అత్తయ్యా?"

"చెప్పాగా, గండం గడిచిందని. పడుకుంది." ఆమె అతని చేతుల వైపు చూసింది. తర్వాత అతని వెనక వైపు చూసింది. "పాపేది?"



"అదేమిటి బాబూ, అలా చూస్తావు? ఇందాక వచ్చావుగా. ఇలా కడిగి, అలా బయటికి తెచ్చారో లేదో, వచ్చి చేతులు చాపావు. ముందు నువ్వే ఎత్తుకోవాలని అది మరీ మరీ చెప్పింది గనక నీ చేతుల్లోనే పెట్టాను. వేలికా కట్టేమిటని అడిగితే పలకలేదు. ఒక్క ముక్కే అన్నావు."

"ఏమన్నాను?"

"చెప్పినట్టే వచ్చాను, అన్నావు. జలుబు చేసిందేమో, గొంతు బొంగురుగా ఉంది. దానికి చూపించి కిందికి దిగిపోతుంటే, పాపకి కారు చూపిస్తావు కాబోలనుకున్నాను." ఫ్లాస్కు మీద ఆమె చేతులు బిగుసుకున్నాయి. గొంతు తగ్గించి, మెల్లగా, "బాబూ... పాపేది?" అంది.

నత్త గదిలోకి పరుగెత్తాడు. భార్య కళ్ళు సగం తెరిచి ఉంది. మత్తు ఇంకా వదల్లేదు. పక్కన ఉయ్యాలలో తెల్లగుడ్డ ఒక్కటే ఉంది.

"వచ్చావా..." అని గొణిగింది. పెదవులు నవ్వబోయాయి. "చూశాను. నీ చేతుల్లోనే చూశాను. కానీ నీ చేతులేంటి... అంత కాలిపోతున్నాయి? పాప ఏడ్చింది."

అతను కిటికీ దగ్గరికి పోయి కిందికి చూశాడు. అతను వదిలిన చోటే నేరేడురంగు కారు వానలో తడుస్తోంది. తలుపు తెరిచే ఉంది. లోపల లైటు వెలుగుతోంది. రెండు సీట్లూ ఖాళీ.

జేబులో ఫోను మోగింది. మేస్త్రి.

"ఏరా, బుద్ధుందా నీకు?" అన్నాడు మేస్త్రి, ఎత్తగానే. "చెప్పాపెట్టకుండా బండి షెడ్డులో పడేసి పోతావా? ఎప్పుడు తెచ్చావు? నేను లారీ కింద ఉన్నాను, చూసుకోలేదు. ఎలా తోలావురా దీన్ని, పొగలు కక్కుతోంది. అద్దాలన్నీ ఆవిరి పట్టేసి లోపల ఏమీ కనబడట్లేదు."

నత్త కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"వింటున్నావా? లోపల పిల్లి ఏదైనా దూరిందా ఏమిటి? ఒకటే ఏడుపు. తీద్దామంటే తలుపు మీద చెయ్యి పెట్టనివ్వట్లేదు, కాలిపోతోంది."

"పగలగొట్టు" అన్నాడు నత్త. గొంతు గుసగుసలాగే వచ్చింది. "మేస్త్రీ, అద్దం పగలగొట్టు. అది పిల్లి కాదు. దాన్ని పోనివ్వకు..."

"ఏంటీ? సరిగా చెప్పు, వినబడట్లేదు. ఉండు, లోపల ఎవరో... ఒరేయ్, లోపల నువ్వే ఉన్నావు కదరా... మరి ఫోన్లో ఎవరు?"

ఫోన్లో ఇంజన్ స్టార్టయిన చప్పుడు వచ్చింది. మేస్త్రి కేక ఒకటి వినిపించి దూరమైపోయింది. ఏడుపు మాత్రం దూరం కాలేదు. ఇంజన్ చప్పుడు లేచింది, గీత దాకా వచ్చింది, గీత దాటింది... దానితోపాటే ఏడుపూ పెరుగుతూ పోయింది, ఏది ఇంజనో ఏది పాపో తెలియనంతగా. నత్త ఫోను చెవికి ఆనించుకుని, అది తగ్గుతుందేమోనని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.